నాలుగు గొట్టాల న్యాయం

నలుగురు పిల్లలున్న ఇంట్లో అన్నం వడ్డించే తల్లిని ఎప్పుడైనా గమనించారా? గరిటె ఒక్కటే. కంచాలు నాలుగూ ఒక్క కొలతవే. అయినా ఏ తల్లీ నలుగురికీ లెక్కపెట్టి ఒకేలా వడ్డించదు. పెద్దవాడికి మూడు గరిటెలు, చిన్నదానికి ఒకటిన్నర, నిన్నటిదాకా జ్వరంతో పడుకుని లేచినవాడికి మెత్తగా పిసికి చారన్నం. ఇందులో ఎవరికైనా అన్యాయం జరిగిందని అనగలమా? చిన్నదాని కంచంలో కూడా మూడు గరిటెలు పడేసి, "అందరికీ సమానంగా పెట్టాను, ఇక నన్నడక్కండి" అంటే ఆవిడను తల్లి అనరు, హాస్టలు వార్డెను అంటారు.

మరి సమానం అంటే ఏమిటి? ఒకే గరిటెనా, ఒకే తృప్తా? న్యాయాన్ని పెట్టే చేతి దగ్గర కొలవాలా, తినే కడుపు దగ్గర కొలవాలా? దీనిమీద మహానుభావులు పెద్ద పెద్ద గ్రంథాలు రాశారు. నాకు మాత్రం ఈ ప్రశ్న ఒక వెల్డింగు షెడ్డులో, అల్యూమినియం గొట్టాల మధ్య ఎదురయింది.

మాది మెదకు. మెతుకు అనే మాటలోంచే ఈ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. కనక అన్నం సంగతి మాట్లాడే హక్కు మాకు పిసరంత ఎక్కువే వుందనుకుంటాను. మా చర్చి గోపురం ఎత్తు 175 అడుగులు. అది కనబడే దూరంలో ఒక రేకుల షెడ్డు వుంది. ట్రాక్టరు ట్రాలీలు, ఇంటి గేట్లు, వరికోత మిషన్లలో విరిగిన ముక్కలు అక్కడ అతుకుతారు. నడిపేవాడు ముప్ఫై ఏళ్ల కుర్రాడు. (నా వయసు లెక్కలో కుర్రాడే.) ఎనిమిదో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. భిన్నాలు వాడికి ఎన్నడూ ఎక్కలేదు. ఇప్పుడు మాత్రం మిల్లీమీటరులో పదోవంతు తేడా వస్తే రాత్రి నిద్రపోడు.

ఒకనాడు అటు వెళ్తుంటే నాలుగు గొట్టాలు బల్లమీద పేర్చి, వాటి మూతులను ఆకురాయితో అరగదీస్తున్నాడు.

"ఏందిరా ఇది, నాదస్వరాలు చేస్తున్నవా?" అన్నాను.

"కారుకు ముక్కు సారూ" అన్నాడు తలెత్తకుండా.

హైదరాబాదులో ఒక వ్యాపారస్థుడికి కారు పందేల పిచ్చి. పాత మారుతీ ఎస్టీమ్ కారొకటి కొన్నాడు. దాని 1298 సీసీ ఇంజనుకి టర్బో బిగించాలనీ, దానికి తగ్గట్టు గాలి లోపలికి వెళ్లే మార్గమంతా కొత్తగా చేయించాలనీ ఆయన కోరిక. ఇన్‌టేక్ మానిఫోల్డు అంటారట దాన్ని. రోడ్డుమీద తిరిగే బండికి ఇలాంటి మరమ్మతులు చెల్లవు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతే ఖాయం చేసింది. ఈ కారు రోడ్డెక్కదు. లారీలో ఎక్కి కోయంబత్తూరు పోయి, అక్కడి పందేల బాటమీద మాత్రమే కిందికి దిగుతుంది. ఆ భరోసా తీసుకున్న తరవాతనే కుర్రాడు పని ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. కారు పెట్రోలు తాగుతుందని మనం చెప్పుకుంటాం. నిజానికి అది తాగేదానికన్నా పీల్చేది ఎక్కువ. ఒక పాలు పెట్రోలు సరిగ్గా కాలాలంటే తూకంలో దాదాపు పదిహేను పాళ్ల గాలి కావాలి. గాలికి బిల్లు రాదు కనక ఎవరూ లెక్క రాయరు. ఈ చిన్న ఇంజనే నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు, సిలిండర్లు పూర్తిగా నిండితే, నిమిషానికి దాదాపు 3900 లీటర్ల గాలి పీలుస్తుంది. కదలకుండా కూర్చున్న మనిషి పీల్చేది ఏడెనిమిది లీటర్లు. అంటే ఒక పెళ్లిపందిట్లో కూర్చున్న అయిదువందల మంది ఊపిరి ఆ కారు ముక్కులోకి పోతుందన్నమాట!

అదీ చాలదనుకున్నవాడు టర్బో పెడతాడు. ఇంజను విడిచే పొగ వట్టిచేతులతో పోదు. కాలిన పెట్రోలు శక్తిలో ఇంచుమించు మూడోవంతు వేడిగా, వేగంగా ఆ పొగతోనే వెళ్లిపోతుంది. ఆ పోయే పొగకి అడ్డంగా ఒక చిన్న చక్రం పెట్టి, అదే ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం తగిలిస్తే, పొగ మొదటిదాన్ని తిప్పుతుంది, రెండోది బయటిగాలిని కూరి కూరి లోపలికి తోస్తుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు. పారబోసే గంజితో బర్రెను మేపి, ఆ బర్రె పాలు ఇంట్లోవాళ్లు తాగినట్టు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ ఈ ఆలోచనకు 1905లో పేటెంటు పుచ్చుకున్నాడు. అది ఓడల్లో పనికొచ్చేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. అంగట్లో కొనుక్కునే కార్లలోకి అమెరికాలో 1962లో వచ్చింది.

1905 అంటే మా వాళ్లకు ఇంకో గుర్తు. మంజీరమీద ఘనపురం ఆనకట్ట కట్టింది ఆ ఏడే. దానినుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు బయల్దేరతాయి. బ్యూకీకి మంజీర పేరు తెలియదు, ఆనకట్ట కట్టినవాళ్లకు బ్యూకీ పేరు తెలియదు. అయినా ఉభయులకూ దరిమిలా ఎదురయిన చిక్కు ఒక్కటే. తెచ్చిన దాన్ని పంచడం ఎలా?

ఆ ఆనకట్టకు దగ్గర్లోనే ఏడుపాయల వుంది. మంజీర అక్కడ ఏడు పాయలుగా చీలి, మళ్లీ ఒక్కటై పోతుంది. వనదుర్గమ్మ దర్శనానికి శివరాత్రి జాతరలో వెళ్లినవాళ్లు చూసే వుంటారు. ఆ ఏడు పాయలూ సమానమేమీ కాదు. ఒకదాంట్లో మడుగులుంటే ఇంకోదాంట్లో రాళ్లు తేలి వుంటాయి. నదిని ఎవరూ నిలదీయరు. నది ఎవరికీ మాట ఇవ్వలేదు కదా. కాలువ తవ్వినవాడు మాత్రం మాట ఇచ్చినట్టే. గొట్టం అతికినవాడూ అంతే.

ఇహ కుర్రాడి పనితనం చూడండి. నాలుగు గొట్టాలూ ఒకే పొడుగు, ఒకే లావు, ఒకే వంపు. ఇంజనుకు బిగించే ఫ్లాంజి మందపాటి అల్యూమినియం పలక. అల్యూమినియం వేడికి వంకరపోతుంది. అందుకని పాత ఇంజను హెడ్డు ఒకటి తెచ్చి, ఆ పలకను దానికి బిగించి, ఈ కొసన ఓ చిటికెడు ఆర్గాన్ వెల్డింగు, చల్లారాక ఆ కొసన ఓ చిటికెడు. ఇటు పెట్టిన అతుకు వేడి అటు తెలియకూడదు. రెండు రోజులు పట్టింది. గొట్టాల రెండో మూతులు ఒక పొడుగాటి డబ్బాలోకి తెరుచుకుంటాయి. ఆ డబ్బాకు ఒక చివర గాలి లోపలికొచ్చే ద్వారం. అంతా అయ్యాక మూతులు మూసి, లోపల గాలి నింపి, పైన సబ్బునీళ్లు పూసి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. నాకు పిలిచి చూపించాడు. ముచ్చటేసింది.

ఇంజనుకు బిగించి, తక్కువ ఒత్తిడిమీద కొంతసేపు పరుగు తీయించి, నాలుగు ప్లగ్గులూ విప్పి పాత వార్తాపత్రిక మీద వరసగా పెట్టాడు. ప్లగ్గు ముక్కు చూసి సిలిండరు ఆరోగ్యం చెప్పొచ్చట, నాలుక చూసి వైద్యుడు చెప్పినట్టు. మొదటి మూడూ బిస్కెట్ రంగులో వున్నాయి. అది మంచి రంగు. నాలుగోది తెల్లగా పాలిపోయి వుంది.

"దానికి గాలి ఎక్కువైంది సారూ" అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. నాలుగు గొట్టాలూ అచ్చు గుద్దినట్టు ఒకలాగే వున్నాయి కదా! పైగా ద్వారానికి అన్నిటికన్నా దూరం నాలుగోదే. మా కాలువల అనుభవం ప్రకారం చివరివాడికి తక్కువ అందాలి గాని ఎక్కువెట్లా అందుతుంది? కాలువకింద మొదటి మడివాడిదే రాజ్యం. వాడి పొలం నిండి పొంగితే గాని చివరి ఆయకట్టుకు తడి తగలదు. అందుకే ప్రతి ఊరికీ ఒక నీరటి వుండేవాడు. ఎవరి వంతు ఎప్పుడో చూసి తూము ఎత్తడం, దించడం అతని పని. చివరివాడి పొలం ఎండితే ఊరు అడిగేది అతన్నే.

గాలి సంగతి వేరట. నీళ్లు నింపాదిగా నడుస్తాయి. ఎక్కడ పల్లముంటే అక్కడ తిరుగుతాయి. పరుగుమీద వచ్చే గాలికి మొదటి గొట్టం దగ్గర మలుపు తిరిగే వ్యవధి వుండదు. ఆ వూపులో ముందుకు దూసుకుపోయి, ఎదురుగోడకు కొట్టుకుని, అక్కడ గుమిగూడి చివరి గొట్టంలోకి దూరుతుంది. పండగ ముందురోజు మా బస్టాండులో బస్సెక్కినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. వెనకవాళ్లు తోస్తుంటే మొదటి సీటు ఖాళీగా వున్నా కూర్చోలేం. చివరి సీటు దగ్గరకెళ్లి ఒకరిమీద ఒకరు పడతాం.

సరే, చివరివాడికి నాలుగు మెతుకులు ఎక్కువ దొరికితే సంతోషించాలి గాని బాధ దేనికి? అక్కడే వుంది కిటుకు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు నలుగురికీ ఒకే కొలత చిమ్ముతాయి. గాలి ఎక్కువై పెట్రోలు అంతే వుంటే ఆ సిలిండరులో మంట అదుపు తప్పుతుంది, వేడి పెరుగుతుంది. లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమని చప్పుడు. కొన్నాళ్లకు పిస్టను నెత్తిమీద చిల్లు. అన్నం ఎక్కువ పెట్టి నీళ్లు మాత్రం అందరితోబాటే పోస్తే పొరమారి చచ్చేది ఆ ముద్దుబిడ్డే!

అసలు ఇంతకన్నా పెద్ద తేడాలతో బతికిన ఇంజన్లున్నాయి. అంబాసిడరు కార్లలో చాలాకాలం వున్న 1489 సీసీ పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలి వచ్చే ద్వారాలు రెండే. ఒకటీ రెండూ ఒకే గుమ్మం, మూడూ నాలుగూ ఒకే గుమ్మం. ఒకే కంచంలో ఇద్దరు తిన్నట్టు. ఒకడు పీల్చీపీల్చగానే రెండోవాడు పీల్చేవాడు. వాళ్ల వాటాలు ఏనాడూ కచ్చితంగా సరిపోలేదు. అయినా ఆ కార్లు మంత్రుల్నీ, పెళ్లికొడుకుల్నీ, ఒకే బండిలో ఎనిమిదిమంది అత్తగారివైపు వాళ్లనూ మోసుకుని దశాబ్దాలపాటు తిరిగాయి. ఎలా? ఆ ఇంజను ఆశ తక్కువ. దొరికిన గాలితో సరిపెట్టుకునేది. ఒకరికి కాస్త తక్కువైతే కాస్త తక్కువ లాగేవాడు, అంతే. ఎవరికీ ప్రాణంమీదికి రాలేదు.

టర్బో పెట్టాక ఆ సర్దుబాటు చెల్లదు. మామూలుగా పీల్చే ఇంజనులో నూటికి అయిదు పాళ్ల తేడా ఒక చిన్న లోపం. గాలిని ఒకటిన్నర రెట్లు కూరినప్పుడు అదే అయిదు పాళ్లు పిస్టనును కరిగించే లోపం. లేమిలో కనబడని తేడా కలిమిలో కాలుస్తుంది. ఈ మాట ఇంజను గురించే అంటున్నాను. అన్నదమ్ములు ఆస్తి పంచుకోవడం చూసినవాళ్లు ఇంకేమైనా అనుకుంటే నా పూచీ లేదు. రెండెకరాల మెట్ట వున్నప్పుడు గట్టు అటూ ఇటూ జరిగినా మాట్లాడుకోని అన్నదమ్ములు, ఆ పక్కనే రోడ్డు పడి గజాల లెక్క వచ్చేసరికి జానెడు నేలకు కోర్టు మెట్లెక్కడం మా జిల్లాలో ఎన్ని చోట్ల జరగలేదు!

వ్యాపారస్థుడు వచ్చాడు. ప్లగ్గులు చూశాడు. పొగగొట్టంలో ఒక మీటరు పెట్టించుకున్నాడాయన. గాలీ పెట్రోలూ సరిపాళ్లలో వున్నాయా లేదా అది చెబుతుంది. "మీటరు కరెక్టుగానే చూపిస్తోందయ్యా. నాలుగింట్లో మూడు బాగున్నాయి. ఆ నాలుగోదానికి కంప్యూటర్లో నాలుగు చుక్కల పెట్రోలు ఎక్కువ పెట్టేస్తే సరిపోతుంది. వచ్చే నెలలో పందెం. బండి ఇచ్చెయ్" అన్నాడు.

ఆయన మాటలో అబద్ధం లేదు. మీటరు కరెక్టుగానే వుంది. అయితే అది వున్నది నాలుగు దార్లూ కలిసిన చోట. మూడింట్లో పెట్రోలు ఒక వీసం ఎక్కువై, ఒకదాంట్లో బాగా తక్కువైతే, కలిపి చూసినప్పుడు లెక్క సరిపోతుంది. సగటు అనేది అంతే. మా బళ్లో సగటు మార్కులు చూసి సంతోషించిన తనిఖీ అధికారుల్ని చాలామందినే చూశాను. సున్నా వచ్చిన పిల్లవాడు ఆ సగటులో ఎక్కడా కనబడడు. ఇంజను మాత్రం సగటున కాలిపోదు. కాలేది ఒక్క సిలిండరే, ఆగేది మొత్తం బండి.

ఇంకో బాధ వుంది. ఆ పిస్టను చిల్లుపడ్డాక అందరూ ఏమంటారో తెలుసా? "పిస్టను నాసిరకం" అంటారు. మిగతా మూడూ బాగానే వున్నాయి కదా, దీనికేం వచ్చింది, దీని బుద్ధే మంచిది కాదు అంటారు. నాలుగింటికీ ఒకే గొట్టం వేశాం, మా తప్పేముంది అంటారు. పంచినవాడిమీదికి ఎవరి చూపూ పోదు, ఎందుకంటే పంపకం చూడ్డానికి అంత చక్కగా, అంత సమానంగా వుంది. అసమానంగా కనబడే అన్యాయంతో పోట్లాడవచ్చు. సమానంగా కనబడేదానితో ఎవరు పోట్లాడతారు?

"మనుషులు నాలుగు రకాలు, సిలిండర్లు ఒకే రకం, ఈ పోలిక చెల్లదు" అని మీరనవచ్చు. నాకూ ఆ సందేహం వచ్చింది. ఆలోచిస్తే అది నా పక్షానికే బలం. ఒకే పోతలో పోసిన నాలుగు సిలిండర్లకే ఒకే గొట్టం వేస్తే ఒకే గాలి అందకపోతే, నాలుగు ఊళ్లనుంచి, నాలుగు ఇళ్లనుంచి వచ్చిన పిల్లల్ని ఒకే బెంచీమీద కూర్చోబెట్టి ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి, ఇక ఎవరి అదృష్టం వారిదనడం ఎంతవరకు సబబు? ఇంజనీరింగు విద్యార్థులు సొంతంగా చేసుకొచ్చే కార్ల పందేల్లో ఒక నిబంధన వుంది. పెట్రోలు ఇంజను పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే పోవాలి. అందరికీ అదే ముక్కు. చాలా న్యాయమైన నిబంధన, పందేనికి. ఆ రంధ్రం దాటాక గాలిని ఎలా పంచుకున్నారన్నది మాత్రం ఎవరి తెలివి వారిది, ఎవరికి అందిన పనిముట్లు వారివి.

వ్యాపారస్థుడు చెప్పిన ఉపాయం, నాలుగోదానికి విడిగా పెట్రోలు పెంచడం, తీసిపారేసేది కాదు. తల్లి చేసేదీ అదేగా! జ్వరం తగ్గినవాడికి విడిగా వండుతుంది. ఈ మాటే కుర్రాడితో అంటే, గొట్టం తుడుస్తూ చెప్పాడు: "నిజమే సారూ. గని ఇంజను నిమ్మళంగ తిరిగేటప్పుడు గాలి నలుగురికి మంచిగనే అందుతది. జోరు మీద వున్నప్పుడే నాలుగోదానికి ఎక్కువ పోతది. జోరుకు సరిపోయేటట్టు పెట్రోలు పోస్తే నిమ్మళంగ వున్నప్పుడు అది మునుగుతది. ఎప్పటికెంతనో చూసుకుంట ఎవరు కూసుంటరు?"

నా ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇంతవరకే. తినేవాడి మొహం చూస్తూ ఎదురుగా కూర్చున్న చేతికి గరిటె లెక్క అక్కర్లేదు. ఇవాళ ఎక్కువ, రేపు తక్కువ, కళ్లతోనే తూకం వేస్తుంది. ఎదురుగా కూర్చోలేని చేయి, అంటే కాలువ, చట్టం, రేషను షాపు, ఈ అల్యూమినియం డబ్బా, ఇవన్నీ దారినే సరిగ్గా వెయ్యాలి. వేశాక, మొత్తం ఎంత పంపామని కాకుండా ప్రతి కంచమూ విడివిడిగా చూడాలి. దారి సరయ్యేదాకా నాలుగు చుక్కలు ఎక్కువ పొయ్యడం దయ, పొయ్యాల్సిందే. ఆ దయను చూపించి దారి బాగానే వుందనడం మాత్రం నాకు మింగుడుపడదు.

కుర్రాడు మొదటి డబ్బాను కోసి పక్కన పడేశాడు. ఈసారి చేసేది ద్వారం దగ్గర వెడల్పుగా, పోనుపోను సన్నబడే డబ్బా. గాలి కొంత ఒక గొట్టంలోకి పోయాక మిగిలినదానికి చోటు కూడా తగ్గితే, అది చివర గుమిగూడదట. గొట్టాల మూతులు ఈసారి బాకా మూతుల్లా విచ్చుకుని వుంటాయి, మలుపు తిరిగే గాలికి అంచు కోసుకోకుండా. పొడుగులు కొలిచే పని తక్కువ, సానబట్టే పని ఎక్కువ. వ్యాపారస్థుడికి కోపం వచ్చింది. రెండో డబ్బాకు పైసా ఇవ్వనన్నాడు, పందెం తప్పిపోతే ఊరుకోనన్నాడు. "మూడు బాగున్నాయని నేనే చెబుతుంటే నీకేమిటయ్యా?" అన్నాడు.

"బండి మీది సారూ, అతుకు నాది" అన్నాడు వీడు. రెండో డబ్బాకు ఏమీ అడగలేదు. అల్యూమినియం ధర ఎంతో నాకు తెలుసు. ఆ వారంలో రెండు గేట్ల పని కూడా వదులుకున్నాడు.

మొదటి డబ్బా ఇప్పుడు షెడ్డు గోడకు మేకుమీద వేలాడుతోంది. గేట్లకు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు అదేమిటని అడుగుతారు. నాలుగు గొట్టాలూ సమానంగా మెరుస్తూ, చూడ్డానికి కొత్తదానికన్నా అదే అందంగా వుంటుంది. కొత్తదాన్ని బిగించాడు. వచ్చే ఆదివారం బండి ఒకసారి పరుగు తీసి వస్తుంది. ప్లగ్గులు విప్పేటప్పుడు నన్ను కూడా రమ్మన్నాడు. వెలుతురుండగా వెళ్లాలి, బిస్కెట్ రంగులో తేడాలు నా కళ్లకు అంత సులువుగా ఆనవు.